పదమూడో ఎక్కం

"కంటికి కనిపించినదేదీ రాయకూడదు. వాసన, చప్పుడు, చేతికి తగిలింది. మీరు కొన్నాళ్ళున్న ఏదో ఒక గది. అంతే," అంది టీచరు.

లైబ్రరీ మేడమీద ఆదివారం కవిత్వం క్లాసు అది. తాళాలు బాగుచేసే మేస్త్రికి ఇది నాలుగో వారం. మూడు కవితలూ తిరిగొచ్చాయి. క్లాసు వాళ్ళు వేసే పుస్తకంలో ఒక్కటైనా పడకపోతే ఇంట్లో తలెత్తుకోలేడు. "అరవై దాటాక కవిత్వమేంటయ్యా నీకు," అని భార్య పొద్దున కూడా ఆటపట్టించింది.

పాపం, ఈసారి నిజంగా ఉన్న గదే రాశాడు. తారు వాసన. పక్కన పిండిమర బెల్టు టపటపా కొట్టుకోవడం. చెమ్మకి ఉబ్బిన చెక్క తలుపు. మర తిరిగినంతసేపూ ఆనుకున్న వీపుకి ఆ తలుపు వణుకు తెలిసేది.

టీచరు చదివింది. మళ్ళీ చదివింది. మిగతావాళ్ళని ఇళ్ళకి పంపించేసింది.

"బావుంది మేస్త్రిగారూ."

ఆ మాట వినడం అదే మొదలు. మనిషి పొంగిపోయాడు.

"కానీ ఏదో వదిలేశారు. మర ఆగాక ఏం వినిపించేది?"

"ఏం లేదమ్మా. నిశ్శబ్దం."

"గుర్తు తెచ్చుకోండి. అది కూడా రాస్తే పుస్తకంలో మొదటి పేజీ మీ కవితదే."

మేస్త్రి తటపటాయించాడు. ముప్పై ఏళ్ళుగా కట్టుకున్నదానికి కూడా చెప్పని సంగతి. అయినా మొదటి పేజీ అంటే మాటలా? ఇన్నేళ్ళ తర్వాత ఎవడికి తెలుస్తుంది?

"ఆ తలుపు లోపల ఒక చిన్నపిల్ల ఎక్కాలు చదివేది. పదమూడో ఎక్కం. పదమూడేడుల దగ్గర ఎప్పుడూ తప్పేది. మళ్ళీ మొదట్నించీ అందుకునేది."

"ఎవరా పిల్ల?"

"మా చెల్లెలు."

అతనికి తోడబుట్టినవాళ్ళే లేరు.

"తాళం ఎవరి దగ్గరుండేది?"

"నా దగ్గరే," అనేసి నాలుక కరుచుకున్నాడు.

టీచరు ఇంకేం అడగలేదు. పెన్ను అందించింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"ఇవన్నీ చేర్చి రాయండి. కింద మీ పూర్తి పేరు, అడ్రసు, సంతకం."

మేస్త్రి హమ్మయ్య అనుకున్నాడు. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. భార్య మొహం ఎలా మారిపోతుందో తలుచుకుని నవ్వుకుంటూ సంతకం పెట్టాడు.

పన్నెండేళ్ళుగా ఊరూరా తిరిగి అందరిచేతా గదుల గురించి రాయిస్తున్న ఆ టీచరు, తొమ్మిదేళ్ళప్పుడు కళ్ళకి గంతలతో ఆ తలుపు వెనకే పదకొండు రోజులు ఎక్కాలు చదువుకుంది.