పాత కార్డు పరీక్ష

మెమరీ కార్డులను కంప్యూటరు చదివేందుకు లేవి రాస్తున్న డ్రైవర్ ప్రోగ్రాం నెలరోజులుగా పాత కార్డుల దగ్గరే ఆగిపోతోంది.

అత్త జీవమ్మ కోడుమూరు నుంచి ఒక పాత కార్డు తెచ్చింది.

"చర్చిలో మా పాప పాడిన పాట దీంట్లో ఉండాది. రేపు పాప జ్ఞాపకార్థ కూడికలో అందరికీ వినిపించాల."

కంప్యూటరులో కార్డు పెట్టాక లేవికి గుర్తొచ్చింది, కార్డు పెట్టగానే మొదలయ్యే పరీక్షను ఆపలేదని. కార్డులో ఉన్నదంతా తుడిచి, సున్నాలు రాసి, తిరిగి చదివి సరిచూసే పరీక్ష అది. ఈసారి ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు.

తెర మీద పచ్చగా 'పాస్' అని పడింది. లేవి ఆఫీసుకు మెయిల్ పెట్టాడు.

"చదివిందా?"

"చదివిందత్తా."

"శానా మేలు చేసినావప్పా. పాప పాడిన ఆ ఆదివారం పని ఉండాదని నువ్వు చర్చికి రాలేదు. నీ పెండ్లాం పాట రేపన్నా వింటావు."