కోళ్ల గూటికి సైరన్

సైరన్ మోగగానే అరుణకుమారి రోకలిబండ ఎత్తుకుని పెరట్లోకి ఉరికింది. పది రోజులుగా గుడ్లు మాయమవుతున్నాయని మొగుడు ఎడ్విన్ నిన్ననే కోళ్ల గూటికి ఆ సైరన్ బిగించాడు.

గూట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి పక్కింటి రాజేశ్వరి బిగుసుకుపోయి ఉంది. ఆళ్లగడ్డ బజారులో కిరాణాకొట్టు శేషయ్య పెళ్లాం. కోడికూర వాసనొస్తే కిటికీ మూసుకునే మనిషి!

అరుణ సైరన్ ఆపి తను అందుకుంది. "ఏందక్కా ఇది? మా ఇంట్లో మంచినీళ్లు గూడా ముట్టవు. గుడ్లకు మాత్రం మడి అడ్డం రాలేదా?"

"మెల్లగా మాట్లాడమ్మే! నాక్కాదు, మా కోడలు వాసవికి. ఆరో నెల. ఒంట్లో రక్తం ల్యాదు, దినామూ గుడ్డు పెట్టమనింది డాక్టరమ్మ. బజార్లో కొంటే మా ఆయనకు తెలీకుండా ఉంటదా?"

"నన్నడిగితే ఇయ్యనా?"

"ఇన్నేండ్లు కిటికీ మూసినదాన్ని. ఏ మొగం పెట్టుకోని అడగాల?"

అరుణ కోపం తగ్గలేదు. ఆ కోపం గోడ అవతలి ఇంటాయన మీదికి మళ్లింది, అంతే. అక్కడ అప్పుడే అన్నానికొచ్చిన శేషయ్య కేకేశాడు. "దొంగ దొరికినాడా అమ్మా?"

"దొంగా ల్యాదు, గింగా ల్యాదు! మీ కోడలికి కుట్టుమిషను నేర్పమని అక్క అడగొచ్చింది. రేపట్నుంచి దినామూ పంపన్నా!"

"దానికంత కోపమెందుకమ్మా?"

"నేర్పేటప్పుడు నేనింతే!" అని అరిచి, రాజేశ్వరి చెవి దగ్గర పళ్లు నూరింది అరుణ. "రెండు ఉడకబెట్టి నేనే తినిపిస్తా. పిల్లను వాకిట్లోంచి పంపు. నీ మాదిరి గోడ దూకిచ్చేవు!"