సగం వేగం

తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక పెద్దావిడ ఆయాసపడుతూ నిలబడి ఉంది. మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది.

"తప్పిపోయిన పాప పాట నీదేనా బాబూ?"

అది గొంతు కాదు, గాలి. చెవి ఒగ్గితే గానీ అందలేదు.

"నాదేనండీ."

"అందులో మైకు గొంతు నాది."

నత్త గుండెలో రాయి పడింది.

నత్త అన్నది స్నేహితులు పెట్టిన పేరు. అతను పాత క్యాసెట్లు ఏరుకొచ్చి, వాటిలోని సబ్బుల ప్రకటనల పాటల్నీ, దుకాణాల్లో వినీవినపడకుండా మోగే కీబోర్డు బాణీల్నీ సగం వేగానికి దించుతాడు. ఖాళీ హాల్లో మోగినట్టు ప్రతిధ్వని కలుపుతాడు. టేపు బుసని అలాగే ఉంచేస్తాడు. వింటుంటే మూతపడిన బజారులో ఒంటరిగా నడుస్తున్నట్టుంటుంది. ఆ రోజులకి పుట్టనైనా పుట్టనివాళ్లు ఆ రోజుల మీద బెంగ పెట్టుకుని మరీ వింటారు.

అన్నిట్లోకీ పేరొచ్చింది 'తప్పిపోయిన పాప'కే. కూల్చేస్తున్న షాపింగ్ కాంప్లెక్సు చెత్తలో దొరికిన క్యాసెట్టది. కీబోర్డు బాణీ మధ్యలో ఆగుతుంది. మైకులో ఒకావిడ చెబుతుంది: "పసుపుపచ్చ గౌను వేసుకున్న నాలుగేళ్ల పాప తప్పిపోయి మా దగ్గరుంది. పాప తాలూకు వాళ్లు పై అంతస్తులోని మైకు గదికి రావలసిందిగా కోరుతున్నాం." సగం వేగంలో ఆ గొంతు నిద్రలో పలవరిస్తున్నట్టు సాగుతుంది. చివర్న ఉరుములాంటిదేదో గుర్రుమంటుంది. మళ్లీ బాణీ. ఆ ఉరుము ఏమిటా అని వినేవాళ్లు కొట్టుకు చస్తుంటారు. లిఫ్టని కొందరు, బల్ల జరిపిన చప్పుడని కొందరు. తెలిస్తే కదా నత్త చెప్పడానికి!

ఇప్పుడీవిడ 'నన్నడక్కుండా నా గొంతెలా వాడుకున్నావ'ని నిలదీస్తుంది కాబోలు. కుర్చీ మీది వైర్లు తీసి కూర్చోబెట్టాడు. మంచినీళ్లిచ్చాడు. ఆమె ఒక్కో గుక్కకీ ఆగి ఆగి తాగింది.

"గొంతు ఆపరేషన్‌లో పోయింది," అంది. "మొన్న పక్కింటి పిల్ల ఫోన్లో నీ పాట విన్నాను. ఒక్కసారి సాగదీయకుండా, మామూలుగా వినిపిస్తావా బాబూ? ఆ గొంతు మళ్లీ వినే రాత ఇంకెలాగూ లేదు."

నత్త మనసు చివుక్కుమంది. గొంతు పోయిన మనిషి గొంతు వినాలని వస్తే, తను దొంగలా వణికాడు.

"తప్పకుండా అమ్మా. నిజం చెప్పొద్దూ, నేనే ఎప్పుడూ మామూలు వేగంతో వినలేదు. నా ప్లేయరు మోటారు సగం చచ్చింది. ఈ క్యాసెట్టు అందులోంచే సాగిపోయి వచ్చింది, ప్రతిధ్వని కలిపి అలాగే ఎక్కించేశాను."

కంప్యూటరు నెమ్మదిగా తెరుచుకుంటోంది.

"ఆ పాప కోసం చివరికెవరైనా వచ్చారా అమ్మా?"

"రాలేదు. చెప్పింది రికార్డు చేసి, షట్టర్లు దించేదాకా వేస్తూనే ఉన్నాను. వేసినప్పుడల్లా జనం తలెత్తి విన్నారు. ఎవరి పిల్లల చెయ్యి వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. అంతే."

"మరి పాప?"

"ఆశ్రమం వాళ్లు జీపులో వచ్చి తీసుకెళ్లారు. మూడు పూటలా తిండి పెడతామన్నారు. చదువు చెప్పిస్తామన్నారు. జీపెక్కించేటప్పుడు మాత్రం అమ్మా అమ్మా అని గుక్కపట్టింది. తప్పిపోయిన పిల్లలంతా అలాగే ఏడుస్తారులే అన్నారు."

"ఏం తల్లండీ!" నత్తకి ఒళ్లు మండింది. "కన్నదా, కొనుక్కొచ్చిందా? నలుసంత పిల్లని నడిబజారులో వదిలేసి పోతుందా?"

"అందరూ అదే అన్నారు."

"వెతికి పట్టుకుని నాలుగు తగిలించాల్సింది."

"కింద అన్ని అంతస్తులూ గాలించారు బాబూ. బస్టాండు దాకా వెళ్లి చూశారు. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. ఎవరి సంగతీ ఎవరికీ తెలీదు."

"ఆ తర్వాత పాపని చూశారా మీరు?"

ఆమె గ్లాసు అడుక్కి చూసింది. "ఓసారి వెళ్లాను. ఎవరికో పెంపకానికిచ్చేశామన్నారు. ఎవరికన్నది చెప్పకూడదట."

కంప్యూటరు సిద్ధమైంది. నత్త వేగం సరిచేసి, ప్రతిధ్వని తీసేసి మీట నొక్కాడు.

బాణీ ఉరకలేసింది. అంత హుషారైనదని అతనికే తెలీదు. అది ఆగి, గొంతు వచ్చింది. పడుచు గొంతు. గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఖణీమంటోంది. ఎక్కడా తడబాటు లేదు.

"ఎంత బాగుందమ్మా మీ గొంతు!" అంటూ తిరిగాడు.

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. కుర్చీ అంచుకి జరిగి, రావలసిన బస్సు కోసం చూస్తున్నట్టు స్పీకరు వైపు చూస్తోంది.

"...రావలసిందిగా కోరుతున్నాం."

అయిపోయిందనుకుని నత్త చెయ్యి చాచాడు. ఆమె అతని మణికట్టు పట్టేసుకుంది. ఆ పట్టుకి అతనికి నొప్పెట్టింది.

"ఆపకు."

ఇన్నాళ్లూ ఉరుమనుకున్నది సన్నబడి, తేటపడి, మైకు పక్కనే ఒక చిన్నపిల్ల మాటై పలికింది: "అమ్మా, తప్పిపోయిన ఆ పాపకి కూడా నా గౌనులాంటిదే ఉందా?"