కాపడం వేళ

మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులకూ, నా నిదానానికీ మన్నించండి.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. భుయ్యాడీహ్ బస్తీలో సన్యాసమ్మకు పదేళ్లుగా ఒళ్లంతా నొప్పులు. గడియ తీయడానికి వేళ్లు సాయపడవు కనుక, భర్త తవిటయ్య నైట్ డ్యూటీకి పోతూ బయట తాళం వేసి, తాళంచెవి పక్కింటి నూకాలమ్మకు ఇస్తాడు. ఆమె వచ్చి ఉప్పుమూటతో కాపడం పెట్టి, కాళ్లు పిసికి వెళుతుంది.

ఆ రాత్రి కరెంటు పోయింది. సన్యాసమ్మ కునుకులో ఉండగా రెండు చేతులు ఆమె ఎడమకాలు పట్టాయి. ఎక్కడ నొప్పో తెలిసినట్టే పిసుకుతున్నాయి.

“సేతులింత సల్లగున్నాయేటే నూకాలూ? మూట మర్సిపోనావా?”

చేతులు పిసుకుతూనే ఉన్నాయి. ఆ కాలిలో మాత్రం నొప్పి మాయమైంది, పదేళ్లలో మొదటిసారి.

అప్పుడు బయట తాళం గలగలలాడింది.

“అప్పా, బతికే ఉన్నావేటి? ఉప్పు ఏగేసరికి ఆలీసమైపోనాది!” నూకాలమ్మ గొంతు.

చేతులు ఆగాయి. గదిలో ఊపిరి చప్పుడు కూడా లేదు.

కేక వేయాలని సన్యాసమ్మ నోరు తెరిచింది. కుడికాలు భగ్గున సలిపింది.

“ఈయేల వద్దే నూకాలూ, నిద్దరొత్తంది. ఎల్లి పడుకో,” అంది.

నూకాలమ్మ అడుగులు దూరమయ్యాక, చీకట్లోకి కుడికాలు మెల్లగా చాపింది.

గేదెల సింహాచలమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు మాంగో పేటలో ఉంటున్నాను.