మంచురంగు ట్యాంకు

“ఆ బొమ్మ పక్కన పెట్టి కొయ్య చెమ్చాలు చెక్కుకోరాదా? ఆత్మకూరు షాపాయన పొద్దున్నించీ ఫోన్లు చేస్తా ఉండాడు,” అంది ఆదిశేషమ్మ.

కొండలయ్య తలెత్తలేదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ యుద్ధట్యాంకును ఎండకేసి తిప్పి చూసుకుంటున్నాడు. కొడుకు శ్రీకృష్ణ సైన్యంలో నడిపే ట్యాంకుకు అది నమూనా. మొన్న సెలవుల్లో ఉదయగిరి వచ్చినప్పుడు ముక్కలుగా తెప్పించి, తనే అతికించి, ఆకుపచ్చ రంగు వేశాడు. చలికాలం మంచుకొండల్లో ఆ పచ్చ మీద తెల్లరంగు పూస్తారనీ, అప్పుడు శత్రువుకు కనపడదనీ చెప్పి, ఆ పని తండ్రికి అప్పగించి వెళ్ళాడు. కోట కింద పుట్టి పెరిగి, మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని మనిషికి భలే పని పెట్టాడు!

మొదట్లో సరదాగానే ఉంది. స్పాంజి ముక్కను పల్చటి తెల్లరంగులో ముంచి ఒళ్ళంతా అద్దాడు. చక్రాలు రేపు చూద్దాంలే అని వదిలేశాడు. మర్నాడే శ్రీకృష్ణ ఫోన్ చేశాడు.

“ప్రాక్టీసులో దొరికిపోయినాం నాయనా. అవతలి జట్టోళ్ళు డ్రోన్‌తో చూసి పట్టేసినారు. చక్రాలు పచ్చగా కనపడినాయంట.”

కొండలయ్య నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. చక్రాలకు రంగు పట్టించి, ఈసారి కావాలనే ఫిరంగి గొట్టాన్ని తుడిచి పచ్చగా ఉంచాడు. తర్వాతి ప్రాక్టీసులో గొట్టం కనపడి దొరికిపోయారు.

“ఈ బొమ్మ ఎట్టుంటే వాడికి అట్టే జరగతా ఉండాదే,” అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

“నీకు ఎండదెబ్బ తగిలినట్టుండాది,” అని కసిరింది ఆదిశేషమ్మ. కానీ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు బొమ్మ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది కూడా ఆవిడే. మిరపకాయలకు ఘాటే రాలేదు. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ వారంలోనే శ్రీకృష్ణ మళ్ళీ ఫోన్ చేశాడు. “ప్రాక్టీసు అయిపోయింది నాయనా. రేపు సరిహద్దు మీదకి పోతా ఉండాం. కొన్నాళ్ళు ఫోన్ పనిచెయ్యదు.”

కొండలయ్యకు అన్నం సయించలేదు. ఇక మీదట చూసేది అవతలి జట్టు కాదు, నిజం శత్రువు. పక్కన పెట్టేసిన బొమ్మను మళ్ళీ ముందేసుకున్నాడు. చెమ్చాల కాడల మీద సన్నపనికి వాడే బ్రష్షుతో సందుసందునా తెలుపు నింపాడు. పైమూత మీద శ్రీకృష్ణ వేసిన నారింజరంగు చదరం దగ్గర చెయ్యి ఆగింది.

“అది మనోళ్ళకి గుర్తుగా వాడు కావాలనే పెట్టుకున్నాడేమోయా,” అంది ఆదిశేషమ్మ.

“ఎందుకు పెట్టుకుంటే ఏంది? పైనించి చూస్తే కనపడతా ఉండాది గదా!” అని దాన్నీ కప్పేశాడు.

పెరట్లో సున్నం పరిచి బొమ్మను దాని మీద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే అది అతనికే కనపడలేదు. వంగి చేత్తో తడుముకోవలసి వచ్చింది. అంత ఎండలోనూ బొమ్మ ఐసుగడ్డలా చల్లగా తగిలింది. ఒళ్ళు జలదరించినా, కొండలయ్య మనసు కుదుటపడింది.

“ఇంక నా బిడ్డ ఎవురి కంటా పడడు,” అన్నాడు.

నాలుగు రోజులు గడిచాక ఫోన్ మోగింది. శ్రీకృష్ణతో పాటు అదే దళంలో పనిచేసే సీతారామపురం జవాను వెంకటరమణ.

“మావోడి ట్యాంకు ఎవురి కంటన్నా పడిందా నాయనా?” ఆత్రంగా అడిగాడు కొండలయ్య.

“లేదు పెదనాయనా. డ్రోన్లు తిప్పినారు, హెలికాప్టర్లు తిప్పినారు. ఎవురికీ కనపడలా.”

కొండలయ్యకు ప్రాణం లేచివచ్చింది. చూశావా అన్నట్టు భార్య వైపు తిరిగి నవ్వాడు. సంతోషానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“శత్రువులు అంతగా వెతికినారా?”



“మంచుకొండ ఇరిగి పడితే, కింద కూరుకుపోయినోళ్ళ కోసం వెతకతా ఉండేది మనోళ్ళే పెదనాయనా.”