గంధకం రంగు

"ఎరుపా? గందకం ఎరుపేటే?" కృపాదానం గుమ్మం పట్టుకుని అక్కడే ఆగిపోయాడు.

కంప్యూటరు ముందున్న జెరూషా తల తిప్పలేదు. "పుస్తకంలో అలాగే ఉంది నాన్నా. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం." చర్చి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మూడు ముక్కలే పైకి వల్లె వేసుకుంటోంది.

"ఇరవయ్యేళ్లు ఖిదిర్‌పూర్ డాకులో గందకం దింపినాను. పసుపు! ఓడ మూత తీస్తే చాలు, కళ్లు మండిపోయేవి. నీ పుస్తకం రాసినోడు ఒక్క బస్తా దింపినాడేటి?"

జెరూషాకి నవ్వు రాలేదు. భవానీపూర్‌లోని నక్షత్రాల క్లబ్బువాళ్లు నీహారిక అనే ఒక ఆకాశపు వాయుమేఘం ఫొటోలు మూడు సీడీలో పెట్టి ఇచ్చారు. ఒక్కో ఫొటోకి ఒక్కో ఫిల్టరు. అది ఒక్క మూలకం వెలుగునే లోపలికి వదులుతుంది. మూడూ నలుపు తెలుపే. రంగులిచ్చి కలపాల్సింది తను. రెండు వారాలుగా కుస్తీ పడుతోంది. గంధకం ఫొటో మరీ పల్చన. వెలుగు పెంచితే మేఘం కన్నా ముందు మచ్చలు తేలుతున్నాయి, తగ్గిస్తే ఏమీ మిగలడం లేదు.

"దాన్నలా ఉంచి, ఆకరి వరస ఇంకోపాలి సెప్పు," అన్నాడు కృపాదానం.

డాకులో బరువులెత్తి దించే వించ్ నడిపేవాళ్లందరికీ కళ్ల పరీక్షలు జరుగుతున్నాయి; రేపు పదింటికి కృపాదానం వంతు. కిందటి నెల వించ్ దించిన బస్తాల కట్ట కింద ఒక కూలీ నలిగిపోయాడు. ఎవరి పొరపాటో తేలలేదు. పరీక్ష తప్పితే ఇక పని లేదని యూనియన్ నాయకుడు బిమల్‌దా ముందే చెప్పాడు. కృపాదానానికి ఇంగ్లీషు అక్షరాలు రావు. ముందే పరీక్ష నెగ్గిన తోటి పనివాడు గురువులు చేత కళ్ల పరీక్ష చార్టులోని అక్షరాలన్నీ అతని భార్య డోర్కాస్ కాగితం మీద రాయించుకొచ్చింది.

"కళ్లు బాగున్నప్పుడు ఈ బట్టీ ఎందుకు నాన్నా?"

"కళ్లకేటి, గెద్దకళ్లు! అచ్చరాలు రావు గదేటి నాకు."

"అదే డాక్టరుతో చెప్పు. చదువు రానివాళ్లకి బొమ్మల చార్టు ఉంటుంది."

"బొమ్మలొద్దు," అన్నాడు వెంటనే. "ఆకరి వరస సెప్పవే."

"డి, ఈ, ఎఫ్, పి, ఓ, టి, ఈ, సి."

అతను తడుముకోకుండా అప్పజెప్పాడు.

"పిల్లకన్నా నువ్వే నయం," అంది డోర్కాస్ వంటింట్లోంచి వస్తూ. "టీ నీ కుడిచేతి పక్కనెట్టినాను."

"నువ్వు బెంగెట్టుకోకు. కింద బస్తాలు కట్టే పట్టాభి కేకేస్తే సాలు, వించ్ నా సేతులే తిప్పుతాయి."

డోర్కాస్ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

జెరూషాకి జాలేసింది. రేపు ఏమవుతుందో ఏమో, ఇవాళ ఈ ఒక్క మాటైనా నెగ్గనీ అనుకుంది. "సరే నాన్నా, పుస్తకం మాట పక్కన పెడుతున్నా. గంధకానికి పసుపే. ఇలా వచ్చి చూడు."

బొత్తాం నొక్కింది. పాత కంప్యూటరు, ఎంత చిన్న పనికైనా గుర్రుమంటుంది. కాసేపు ఆగమని చెప్పబోయేలోగా కృపాదానం ఆమె కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగాడు. ముఖం తెరకి జానెడు దూరంలో పెట్టాడు.

"అద్గదీ! అదే మా గందకం! ఓడ కడుపునిండా ఇలాగే మెరిసీది తల్లీ. సూసినావా, ఇప్పుడు కదా నీ మేఘానికి కళొచ్చింది!"

తెర మీద పసుపూ లేదు, మేఘమూ లేదు; ఖాళీ తెల్లటి పెట్టెలో ఆగమనే ఇసుక గడియారం గుర్తు ఒక్కటే తిరుగుతోంది.