గీత మీద అడుగులు

ఆమెకున్న భయమల్లా ఒక్కటే. శిశుగృహం గేటుకు తాళం పడ్డాక, మూడేళ్ల చిట్టి లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి అమ్మ కోసం చూడటం.

పోయిన నెలలో అంత పనీ అయింది. పావుగంట ఆలస్యమైంది, అంతే. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి చిట్టి రోడ్డు మధ్యదాకా వచ్చేసింది. ఎవరో సైకిలాయన రెక్క పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది.

"శనివారం రెండింటికి మూసేస్తామని చెప్పానా లేదా?" అంది ఆయా. "నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు. ఇంకోసారి ఇలా చేశావంటే గేటు బయట కూర్చోబెట్టి నా దారిన నేను పోతా."

ఇవాళ శనివారం. గోడ మీద ఎర్రంకెల గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. ఆమె చేతిలో తలుపు పిడి ఉంది. పిడి మాత్రమే ఊడి వచ్చింది. తలుపు మూసే ఉంది.

అది భూకంపాల పరిశోధన కేంద్రం. ఆమె అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, పెద్దసారు చేసే పనేమిటో ఆమెకు బాగానే తెలుసు. ఆయనే చెప్పాడు.

"భూమికి అవతలి వైపు ఎక్కడో కంపించిందనుకో తల్లీ. ఆ వణుకు నడిమధ్యలోంచి దూరుకుంటూ ఇరవై నిమిషాల్లో మన కాళ్ల కిందికొస్తుంది. లోపల ఎక్కడ కరిగిన ఇనుముందో, ఎక్కడ గట్టి ఇనుముందో అదే చెబుతుంది. మనం చెవొగ్గి వినాలంతే."

"అంత దూరంది వినపడుతుంది గానీ, పక్కన నిలబడి టీ, టీ అని మూడుసార్లు అరిస్తే మాత్రం వినపడదు మీకు," అందామె.

ఆయన పడీపడీ నవ్వాడు. టీ అప్పటికే చల్లారిపోయింది.

ఆ వణుకును పట్టే యంత్రం ఉండేది ఈ కింది గదిలోనే. బండరాయి తొలిచి కట్టిన గది. రెండు తలుపులు, రెండూ జానెడు మందం. ఒకటి మూశాకే రెండోది తీయాలి. కాస్త గాలి తగిలినా యంత్రం ఉలిక్కిపడుతుంది. ఫోను, చెప్పులు, ఇనప బకెట్ అన్నీ బయటే వదిలేసి, తడిపొడి గుడ్డ ఒక్కటే పట్టుకుని రావాలి. గోడలకు దిగే చెమ్మ వారానికోసారి తుడవాలి.

లోపలి పిడి వదులైందని స్టోర్ బాబుకు రెండుసార్లు చెప్పింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు, రెండుసార్లూ.

తలుపు బాదింది. గొంతు చించుకుని అరిచింది. రాయి మింగేసింది. సిబ్బందంతా పన్నెండింటికే ఇళ్లకు వెళ్లిపోయారు. మూడో అంతస్తులో పెద్దసారు ఒక్కడే ఉన్నాడు. పొద్దున ఎక్కడో సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. ఇక ఆయన కంప్యూటర్ ముందునుంచి కదలడు. "తుడిచేసి అటునుంచి అటే ఇంటికి పో తల్లీ, చెప్పడానికి మళ్లీ పైకి రాకు" అన్నాడు కూడా.

మొగుడు లారీ మీద వెళ్లి నాలుగు రోజులైంది. పిల్లను తెచ్చుకునే దిక్కు ఇంకెవరూ లేరు.

ఒంటిగంటా ఇరవై అయిదు.

యంత్రం ఉక్కు మూత కింద, తాళంలో ఉంది. తీగలన్నీ గోడ లోపలి గొట్టంలో ఉన్నాయి. ఒక్క తీగ చేతికందినా పీకి పారేసేది, యంత్రం ఆగితే సారే దిగొస్తాడు, ఉద్యోగం పోతే పోనీ అని.

అప్పుడు తట్టింది. అడుగులు!

ఇన్నాళ్లూ గొడవంతా ఆమె అడుగులతోనే. పైన వరండా ఊడ్చినా చాలు, సారు తెర మీద గీత ఎగిరెగిరి పడేది. "ఇదిగో, ఈ ముళ్లకంపంతా నువ్వే" అని చూపించేవాడు. డైరెక్టర్‌కు ఒళ్లు మండి, మనిషిని మార్చెయ్యమన్నాడు. పెద్దసారే అడ్డుపడ్డాడు. "చంటిపిల్ల తల్లి. ఆమె సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు. పోయిన వారమంతా ఆమెను రోజూ గంటసేపు నడిపించాడు. ఈ గదిలో, మెట్ల మీద, వరండాలో. మెల్లగా, వడివడిగా, గెంతుతూ.

"ఎందుకు సార్ ఇదంతా? నన్నేమైనా పరుగుపందేనికి పంపుతారా?"

"యంత్రానికి నీ నడక నేర్పుతున్నా. ఇక వెయ్యిమంది నడిచినా అందులో నీ అడుగేదో అది ఇట్టే పట్టేస్తుంది. ఇకనుంచి నీకూ నాకూ పేచీ లేదు, సరేనా?"

ఆ మాట గుర్తుకు రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. యంత్రం పక్కకు వెళ్లి నిలబడింది. మూడుసార్లు గెంతింది. ఆగింది. మళ్లీ మూడు. ప్రాణంలా చూసుకునే యంత్రం పక్కన ఎవరో గెంతుతుంటే ఆయన ఊరుకుంటాడా? తిట్టుకుంటూ మెట్లు దిగి వస్తాడు. ఎన్ని తిట్లైనా పడుతుంది.

ఒంటిగంటా నలభై. మడమలు భగ్గుమంటున్నాయి. మూడు. ఆగడం. మూడు.

ఒంటిగంటా యాభై అయిదు. తలుపుకు చెవి ఆనించింది. అలికిడి లేదు. "నేను సార్, నేనే. గీత చూడండి సార్" అని గొణుక్కుంటూ మళ్లీ యంత్రం దగ్గరికి పరుగెత్తింది.

రెండు గంటలైంది. సెకను కూడా తప్పని గడియారమది.

ఆమె ఏడుస్తూనే గెంతుతోంది. చూస్తాడు. చూడకుండా ఎలా ఉంటాడు?

మీరెవరైనా అటుగా వెళుతుంటే, మీకు పుణ్యముంటుంది, ఆ కింది గది తలుపు ఒక్కసారి తీసి ఆమెను చూడండి. పైన పెద్దసారు ఆ గీత వంక కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాడు గానీ, పోయిన వారమంతా ఆయన యంత్రానికి నేర్పింది, ఆ అడుగులు కనపడగానే గీతలోంచి తుడిచేయమని.